ఇంటి ఇంటర్నెట్టులో దారి అడిగే గుట్టు



చింతామణి బస్టాండులో ఒక కొత్త మనిషి బస్సు దిగాడనుకోండి. నేరుగా టీ అంగడి దగ్గరికి వచ్చి, "అయ్యా, ఫలానా లాయరు గారి ఇల్లు ఎక్కడండీ?" అని అడిగాడు. అంగడివాడు దారి చెప్పాడు. పక్కన బెంచీ మీద కూర్చుని టీ తాగుతున్న నలుగురూ ఆ మాట విన్నారు. లాయరు దగ్గర ఆ మనిషి ఏం మాట్లాడాడో వాళ్ళకు తెలియదు. కాని ఏదో కోర్టు వ్యవహారం మీద వచ్చాడని తెలిసిపోయింది. సాయంత్రానికి అది నాలుగు వీధులకు పాకుతుంది. మన ఊళ్ళ సంగతి మీకు నేను చెప్పాలా!

మన ఇళ్ళలోని ఫోనులు, టీవీలు, కంప్యూటర్లు రోజుకు కొన్ని వేలసార్లు ఇలాగే గట్టిగా కేకవేసి దారి అడుగుతుంటాయి. ఆ అడగడం మనకు వినబడదు. వినదలచుకున్నవారికి వినబడుతుంది. ఆ దారి అడగడాన్ని గుట్టుగా చేయించడం ఎలాగ, అందులోనూ ప్రకటనలు ఆపడానికి ఇంట్లో పెట్టుకునే చిన్న పెట్టె చేతనే ఆ పని చేయించడం ఎలాగ అన్నది ఈనాటి మన విషయం.

ముందు ఆ దారి చెప్పే ఏర్పాటు గురించి రెండు మాటలు. ఇంటర్నెట్టులో ప్రతి యంత్రానికీ ఒక అంకెల చిరునామా ఉంటుంది. మనుషులకు అంకెలు గుర్తుండవు కనుక మనం పేర్లు వాడుతాం. పేరు చెబితే అంకె ఇచ్చే ఏర్పాటునే డీఎన్‌ఎస్ అంటారు. తొలిరోజుల్లో ఈ పేర్లన్నీ ఒకే ఒక్క జాబితాగా అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఉండేవి. యంత్రాలు పెరిగేకొద్దీ ఆ జాబితా మోయలేని బరువైంది. 1983లో పాల్ మొకాపెట్రిస్ అనే శాస్త్రజ్ఞుడు ఆ బరువును లోకమంతా పంచే పద్ధతిని రూపొందించాడు. నేటికీ నడుస్తున్నది ఆ పద్ధతే. అప్పట్లో ఆ వలలో ఉన్నవాళ్ళు ఒకరికొకరు తెలిసిన విశ్వవిద్యాలయాలవాళ్ళు, పరిశోధకులు. ఎవరు వింటారో అన్న అనుమానం ఎవరికీ రాలేదు. ప్రశ్న, జవాబు రెండూ తెరిచిన కాగితం మీదే పోయేవి. ఆ అలవాటే మనదాకా వచ్చింది.

ఇక ప్రకటనలు ఆపే పెట్టె. మీరు టొమాటో ధర చూద్దామని ఫోనులో ఒక పేజీ తెరిచారు. ఆ పేజీతోపాటు మీ ఫోను ఇంకో పాతిక ముప్పై చోట్లకు దారి అడుగుతుంది. వాటిలో చాలావరకు ప్రకటనలు పంపేవాళ్ళవీ, మీరు ఏం చూశారో లెక్క రాసుకునేవాళ్ళవీ. ఇంట్లో దారి చెప్పే పనిని మనమే పెట్టుకున్న ఒక చిన్న కంప్యూటరుకు అప్పగిస్తే, అది ఒక నిషిద్ధ జాబితా దగ్గర పెట్టుకుని, ఆ జాబితాలోని పేరు ఎవరడిగినా "అలాంటి ఇల్లు ఇక్కడ లేదు" అని చెప్పేస్తుంది. ప్రకటన రాదు. ఈ పనికి పేరొందిన సాఫ్ట్‌వేరు పై-హోల్. ఉచితంగా దొరుకుతుంది. అలాంటిదే ఇంకొకటి ఆడ్‌గార్డ్ హోమ్. రాస్ప్‌బెర్రీ పై అని 2012లో వచ్చిన అరచేతి వెడల్పు కంప్యూటరు ఉన్నదే, దాని మీద ఇవి సుఖంగా నడుస్తాయి. మూడు నాలుగు వాట్ల కరెంటు చాలు. మూలన పడేసిన పాత కంప్యూటరున్నా పనికి వస్తుంది, కాని దాని కరెంటు బిల్లు వేరు.

ఒక్క మాట. యూట్యూబులో నడిమధ్యన వచ్చే ప్రకటనలు దీనితో ఆగవు. వీడియో వచ్చే ఇంటి నుంచే ఆ ప్రకటనా వస్తుంది. ఇంటినే లేదంటే పాటా రాదు.

పెట్టె పెట్టుకున్నాక చాలామంది అక్కడితో తృప్తిపడతారు. అక్కడొక పొరపాటున్నది. మన పెట్టెకు లోకంలోని పేర్లన్నీ తెలియవు. నిషిద్ధం కాని పేరు వస్తే అది బయట ఇంకొకరిని అడగాలి. మామూలుగా పెట్టుకున్న పెట్టె ఆ ప్రశ్నను 53వ నంబరు పోర్టులో, తెరిచిన కాగితం మీదే పంపుతుంది. అంటే ప్రకటనలవాళ్ళకు తలుపు మూశాం గాని, దారి అడిగే కేక మాత్రం బస్టాండులో వినబడుతూనే ఉన్నది. మనకు నెట్ ఇచ్చే సంస్థ వినవచ్చు. దారిలో ఉన్న ఇంకెవరైనా వినవచ్చు. రాత్రి పదకొండు గంటలకు ఒక ఇంటి నుంచి ఏ అప్పు యాప్ పేరు వచ్చింది, ఏ పెళ్ళి సంబంధాల సైటు పేరు వచ్చింది, ఏ జబ్బుకు వైద్యం చేసే ఆసుపత్రి పేరు వచ్చింది, ఇది చాలదా ఆ ఇంటి కష్టసుఖాలు తెలియడానికి?

వినడం ఒక ఎత్తు, జవాబు మార్చడం ఇంకొక ఎత్తు. 2003 సెప్టెంబరులో డాట్ కామ్, డాట్ నెట్ పేర్లను నిర్వహించే వెరిసైన్ సంస్థ, ఎవరైనా తప్పు పేరు కొడితే "లేదు" అని చెప్పడం మాని తన సొంత పేజీకి తీసుకుపోవడం మొదలుపెట్టింది. గగ్గోలు పుట్టి, మూడు వారాలు తిరగకుండానే అక్టోబరు మొదట్లో దాన్ని ఆపివేయవలసి వచ్చింది. 2008లో డాన్ కామిన్‌స్కీ అనే నిపుణుడు, దొంగ జవాబులు చొప్పించడం ఎంత తేలికో బయటపెట్టాడు. ఆ తర్వాత జవాబుల మీద సంతకం పెట్టే పద్ధతి ఊపందుకుంది. 2010 జూలైలో ఆ సంతకం డీఎన్‌ఎస్‌కు తల్లివేరు వంటి స్థానంలోనే పడింది. దాన్ని డీఎన్‌ఎస్ సెక్ అంటారు. ఇక్కడ చాలామంది పొరబడతారు. సంతకం వల్ల జవాబు అసలుదో నకిలీదో తెలుస్తుంది, అంతే. కాగితం మాత్రం తెరిచే ఉంటుంది.

మరి కాగితం మూయడం ఎలాగ? మన ప్రాంతపు పశువుల సంతలు చూసినవారికి ఇది ఇట్టే అర్థమవుతుంది. ఎద్దుల బేరంలో దళారి, కొనేవాడు తువాలు కింద చేతులు కలిపి వేళ్ళతో ధర చెప్పుకుంటారు. చుట్టూ ఊరంతా నిలబడి ఉంటుంది. ఫలానా ఇద్దరి మధ్య బేరం నడుస్తున్నదని అందరికీ తెలుసు. ఎంత అన్నది మాత్రం ఆ రెండు చేతులకే తెలుసు. ఎన్‌క్రిప్షన్, అంటే గుప్తంగా రాయడం, సరిగ్గా ఇంతే. మన పెట్టె ఫలానా సర్వరుతో మాట్లాడుతున్నదని నెట్ సంస్థకు కనబడుతుంది. ఏ పేరు అడిగిందో కనబడదు.

ఈ తువాలు రెండు మూడు రకాలుగా వచ్చింది. 2016లో ఖాయమైన పద్ధతి డాట్. దానికి 853 అనే వేరే పోర్టు. 2018లో వచ్చినది డో. అది మామూలు వెబ్ పేజీలు పోయే 443 పోర్టులోనే పోతుంది, కాబట్టి గుంపులో కలిసిపోతుంది. 2022లో డోక్ అని ఇంకొకటి వచ్చింది. ఇంటి అవసరానికి మొదటి రెంటిలో ఏదైనా చాలు. ఏది మేలన్న దాని మీద వాదించుకునేవాళ్ళను చూశాను. ఆ వాదన మీద పొద్దుపుచ్చే తీరిక మనకు అక్కరలేదు.

పొద్దుపుచ్చవలసిన ఆలోచన వేరే ఉన్నది. తువాలు కింద ఎవరి చేయి పట్టుకుంటున్నాం? నెట్ సంస్థకు వినబడకుండా చేశాం, మంచిదే. కాని అవతల జవాబు చెప్పేవాడికి మన ప్రశ్నలన్నీ తెలుస్తాయి కదా! గుట్టు మాయం కాలేదు, చేతులు మారింది. ఈ పనికి పేరున్నవారు ముగ్గురు. 2009 నుంచి గూగుల్, 2017 నుంచి క్వాడ్ నైన్, 2018 ఏప్రిల్ ఒకటి నుంచి క్లౌడ్‌ఫ్లేర్. క్వాడ్ నైన్ లాభాపేక్ష లేని సంస్థ, స్విట్జర్లాండు చట్టం కింద ఉన్నది, మోసపు సైట్ల పేర్లకు జవాబు ఇవ్వదు. తక్కిన రెండూ అమెరికా కంపెనీలు. ఈ ప్రశ్నల వివరాలను ప్రకటనలకు వాడనని గూగుల్ చెబుతుంది, ఆ మాట నేను కాదనను. అయినా ప్రకటనలు ఆపడానికి ఒక పెట్టె పెట్టి, ఆ పెట్టె ప్రశ్నలన్నిటినీ ప్రకటనల మీద బతికే కంపెనీకే అప్పగించడం నాకు నప్పలేదు. నేను క్వాడ్ నైన్ ఎంచుకున్నాను. మీరు వేరొకరిని ఎంచుకోవచ్చు, ఎంచుకున్నామని తెలిసి ఎంచుకుంటే చాలు.

ఎవరినీ నమ్మను అనేవారికి ఇంకో దారి ఉన్నది. అన్‌బౌండ్ అనే సాఫ్ట్‌వేరు పెట్టుకుంటే మన పెట్టె ఏ మధ్యవర్తినీ అడగకుండా తల్లివేరు సర్వర్ల నుంచి మొదలుపెట్టి తానే ఒక్కొక్కరినీ అడుగుతూ పోతుంది. మన ప్రశ్నల మొత్తం జాబితా ఏ ఒక్కరి చేతికీ చిక్కదు. కాని ఆ అడగడమంతా తెరిచిన కాగితం మీదే. మీ నెట్ సంస్థకు అంతా వినబడుతుంది. ఎవరి నుంచి దాచాలన్నది మీ భయాన్ని బట్టి ఉంటుంది. నెట్ సంస్థ మీద నమ్మకం ఉండి, దూరదేశపు కంపెనీల మీద లేనివారికి అన్‌బౌండ్ మేలు.

ఇక అమరిక. ఆజ్ఞలన్నీ ఇక్కడ చదివితే మీకు నిద్ర వస్తుంది. అవి పై-హోల్ వారి వివరణ పేజీలలో వరుసగా ఉన్నాయి. ఏ మెట్టు ఎందుకో, ఎక్కడ కాలు జారుతుందో మాత్రం చెబుతాను.

ఆడ్‌గార్డ్ హోమ్ అయితే పని తేలిక. పై సర్వరు పేరు రాసే పెట్టెలో మామూలు అంకె బదులు, ముందు హెచ్‌టీటీపీఎస్ చేర్చిన పూర్తి చిరునామా రాస్తే చాలు. పై-హోల్‌కు స్వయంగా గుప్తంగా అడగడం రాదు. దాని పక్కన ఒక సహాయకుణ్ణి కూర్చోబెట్టాలి. ఆ సహాయకుడి పేరు డీఎన్‌ఎస్‌క్రిప్ట్ ప్రాక్సీ. పాత పుస్తకాల్లో, వీడియోల్లో క్లౌడ్‌ఫ్లేర్‌డీ అనే సాఫ్ట్‌వేరు వాడమని కనబడుతుంది. ఈ పనికి వాడే ఆజ్ఞను 2026 ఫిబ్రవరి నుంచి కొత్త విడుదలల్లో తీసివేస్తామని దాన్ని చేసినవారే ప్రకటించారు. కనుక కొత్తగా మొదలుపెట్టేవారు ఆ జోలికి పోవద్దు.

సహాయకుణ్ణి అదే కంప్యూటరులో 5053 పోర్టులో కూర్చోబెడతాం. 53 అప్పటికే పై-హోల్ ఆక్రమించుకుని ఉంటుంది కనుక అక్కడ ఇద్దరు ఇమడరు. తర్వాత పై-హోల్ సెట్టింగులలో డీఎన్‌ఎస్ అనే పేజీకి పోయి, సొంత సర్వరు రాసేచోట 127.0.0.1 అని రాసి, హ్యాష్ గుర్తు పెట్టి, 5053 అని రాయాలి. ఆ అంకెకు అర్థం "నా ఇంట్లోనే అడుగు" అని.

ఇక్కడే నేను జారిపడ్డాను. అదే పేజీలో పైన గూగుల్, క్లౌడ్‌ఫ్లేర్ వగైరా పేర్లకు ఎదురుగా టిక్కులుంటాయి. మొదటిసారి పెట్టినప్పుడు వేసిన టిక్కు అలాగే ఉండిపోయింది. ఉంటే ఉండనీ, ఒకటి చెడితే ఒకటి పనికొస్తుందనుకున్నాను. పై-హోల్ రాసిన సర్వర్లలో ఎవరు త్వరగా పలికితే వాళ్ళనే ఎక్కువగా అడుగుతుంది. గుప్తంగా రాసి పంపేవాడికి ఒక రవ్వ ఆలస్యం తప్పదు. ఇంకేముంది, నా ఇంటి ప్రశ్నలు ఎక్కువ పాలు పాత దారినే, తెరిచిన కాగితం మీదే రెండు నెలలు పోయాయి. అంతా బాగుందనుకుంటూ నేను నలుగురికి సలహాలు కూడా చెప్పాను. కనుక ఆ టిక్కులన్నీ తీసేయండి. ఒక్కటి కూడా మిగలకూడదు.

తీసేశాక తనిఖీ చేయండి. టీసీపీడంప్ అనే పరికరాన్ని ఆ కంప్యూటరులో 53వ పోర్టు మీద కాపలా పెట్టి, ఫోనులో నాలుగు పేజీలు తెరవండి. ఫోను నుంచి పెట్టెకు వచ్చే ప్రశ్నలు కనబడతాయి, అవి ఇంటిలోపలివి. పెట్టె నుంచి బయటికి పోయేవి మాత్రం కనబడకూడదు. సహాయకుడు మొదలయ్యే క్షణంలో ఒకటి రెండు పోవచ్చు. గుప్తంగా మాట్లాడే సర్వరుకైనా పేరుంటుంది, ఆ పేరుకు ముందు అంకె తెలియాలి. చెట్టు ముందా విత్తు ముందా అన్నట్టు. అందుకు భయపడనక్కరలేదు.

ఇంతచేసినా ఇంట్లోని కొన్ని వస్తువులు పెట్టెను అడగకుండా దొడ్డిదారిన పోతాయి. 2018 నాటి ఆండ్రాయిడ్ తొమ్మిది నుంచి ఫోనులలో ప్రైవేట్ డీఎన్‌ఎస్ అనే సెట్టింగు ఉన్నది. అందులో ఎవరైనా పేరు రాసి ఉంచితే ఆ ఫోను మీ పెట్టెను లెక్కచేయదు. కొన్ని టీవీలలో ఎవరిని అడగాలో కంపెనీవారే గట్టిగా రాసేసి ఉంటారు. ఇంకొకటి, మనకు నెట్ సంస్థలు ఇచ్చే రూటర్లలో కొన్ని డీఎన్‌ఎస్ మార్చనివ్వవు. అలాంటప్పుడు రూటరులో చిరునామాలు పంచే పనిని, అంటే డీహెచ్‌సీపీని, ఆపేసి ఆ పని కూడా పై-హోల్‌కే అప్పగించవచ్చు. అదీ ఆపనివ్వకపోతే మన సొంత రూటరు ఒకటి వెనక తగిలించడమే దారి. ఐపీవీ6 అనే కొత్త చిరునామాల వరుస కూడా చూసుకోవాలి. పాతవరుసలో దారి సరిచేసి, కొత్తవరుసలో రూటరు చెప్పిన సర్వరునే వదిలేస్తే సగం ప్రశ్నలు అటు జారుకుంటాయి. అన్నిటికన్నా ముఖ్యం, మీ పెట్టె 53వ పోర్టును బయటి లోకానికి ఎన్నడూ తెరవకండి. తెరిచిన పెట్టెలను వెతికి పట్టుకుని ఇతరుల మీద దాడులకు వాడేవాళ్ళు ఉన్నారు.

మన దగ్గర కరెంటు సంగతి కూడా ఒకటున్నది. పోయిన వేసవిలో మేము ఊళ్ళో జాతరకని మెయిన్ కట్టేసి పోయి, పన్నెండు రోజుల తర్వాత వచ్చాం. స్విచ్చి వేస్తే నెట్ లేదు. రూటరు దీపాలన్నీ పచ్చగా వెలుగుతున్నాయి. ఏ పేరు కొట్టినా దొరకదు. ఆ సాయంత్రం ఐదింటిలోపల మా అమ్మాయి కాలేజీ దరఖాస్తు పంపాలి. "ఆ డబ్బీ వద్దండీ అంటే విన్నారా?" అని మా ఆవిడ. జరిగింది ఏమిటంటే, నా రాస్ప్‌బెర్రీ పైలో బ్యాటరీ గడియారం లేదు. కరెంటు పోయిన రోజునే అది ఇంకా పట్టుకుని కూర్చున్నది. ఇందాక చెప్పిన సంతకాలకు "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లును" అని గడువు ఉంటుంది. పన్నెండు రోజులు వెనకబడిన గడియారానికి ఈనాటి సంతకాలు ఇంకా పుట్టనివిగా కనబడ్డాయి. అన్నిటినీ దొంగవని తోసేసింది. పోనీ సరైన టైము అడుగుదామంటే టైము చెప్పే సర్వరు పేరుకు దారి తెలియాలి, దారి చెప్పేది తానే! అమ్మాయి నా ఫోను నెట్ మీద దరఖాస్తు పంపింది. నేను చేత్తో తేదీ దిద్ది పెట్టెను లేపాను. ఆ తర్వాత టైము సర్వరును పేరుతో కాకుండా అంకెలతో రాసి ఉంచాను. చిన్న గడియారపు బిళ్ళ, బ్యాటరీతో సహా దొరుకుతుంది, అది తగిలించినా సరే. ఇంట్లోవాళ్ళకు అవసరమైతే పెట్టెను దాటిపోయే దారి ఒక కాగితం మీద రాసి రూటరు పక్కన అంటించండి. మీరు ఊళ్ళో లేనప్పుడే అది చెడుతుంది.

ఇంత చేసినందుకు ఏమి దాగిందో, ఏమి దాగలేదో కూడా చెప్పాలి. పేరు అడగడం దాగింది. ఆ తర్వాత మీ ఫోను ఆ అంకెల చిరునామాకు నడిచి పోవడం దాగదు. తలుపు తట్టేటప్పుడు చాలా సైట్లకు పేరు ఇంకోసారి తెరిచి చెప్పే పద్ధతి నేటికీ ఉన్నది. దాన్ని మూసే పద్ధతి వస్తున్నది గాని అన్ని చోట్లా లేదు. కాబట్టి నెట్ సంస్థకు ఇక ఏమీ తెలియదని ఎవరైనా చెబితే నమ్మకండి. అలాగే, చట్టప్రకారం నిలిపివేసిన సైట్లు చూడడానికి ఇది ఉపాయమని నేను చెప్పడం లేదు.

ఇక చివరి సంగతి, నాకు అన్నిటికన్నా బరువైనది. ఈ పెట్టె ఒక చిట్టా రాస్తుంది. ఏ ఫోను, ఏ నిమిషాన, ఏ పేరు అడిగిందో వరుసగా. నెలల తరబడి దాచిపెడుతుంది. నెట్ సంస్థ వినకూడదని తువాలు కప్పిన నేను, ఇంట్లోవాళ్ళందరి మాటా వినే స్థానంలో వచ్చి కూర్చున్నానని మొదట నాకు తట్టలేదు.

మా అన్నయ్య గారు కొన్నాళ్ళు మా ఇంట్లో ఉన్నారు. ఒకరోజు ఏదో పేజీ తెరుచుకోవడం లేదంటే కారణం చూద్దామని చిట్టా తీశాను. ఆయన ఫోను నుంచి తెల్లవారుజామున మూడు గంటలకు ఒక క్యాన్సర్ ఆసుపత్రి పేరు. కిందటి రాత్రి కూడా. అంతకు ముందు రాత్రి కూడా. ఆయన ఎవరితోనూ ఏమీ అనలేదు. ఉదయం మామూలుగా కాఫీ తాగుతూ పేపరు చదువుతున్నారు. అడిగితే ఎలా తెలిసిందంటారు. అడగకపోతే ఆ మాట లోపల పెట్టుకుని ఆయన ఎదుట కూర్చోవాలి. నేను అడగలేదు. ఆ రోజే చిట్టా అంతా తుడిచేశాను. సెట్టింగులలో గోప్యతకు నాలుగు మెట్లున్నాయి, సున్నా నుంచి మూడు వరకు. సున్నాలో అంతా కనబడుతుంది, ఒకటిలో పేర్లు, రెండులో పేర్లతోపాటు ఎవరడిగారో కూడా దాగుతుంది, మూడులో లెక్కలు తప్ప ఏమీ మిగలదు. మూడుకు మార్చాను. రాత్రి భోజనాల దగ్గర, ఇన్నాళ్ళూ ఈ డబ్బీ అందరి లెక్కా రాస్తుండేదని, ఇకమీద రాయదని అందరికీ చెప్పాను. అన్నయ్య తల ఎత్తి ఒకసారి నా వైపు చూశారు.

మూడు వారాల తర్వాత ఆయనే నన్ను మేడ మీదికి పిలిచి చెప్పారు. వైద్యం నడుస్తున్నది, ఇప్పుడు కులాసాగానే ఉన్నారు. నాకు ముందే తెలుసన్న సంగతి మాత్రం నేను ఈమధ్యనే, ఆయన అనుమతి తీసుకుని ఇక్కడ చెప్పడానికి ముందు, ఆయనకు చెప్పాను. "ఆ రాత్రి నువ్వు డబ్బీ సంగతి చెప్పినప్పుడే అర్థమైందిలేరా," అన్నారు.